చాపెల్ హిల్‌లో ఆరు రోజులు

గురుత్వాకర్షణ కథ – 9

కిందటి భాగంలో లెనిన్‌గ్రాడ్ దగ్గర ఆగాం. గురుత్వాకర్షణకూ క్వాంటం సూత్రాలకూ పొత్తు ఎందుకు కుదరదో అందరికన్నా ముందు లోతుగా తరచి చూసిన మాత్వేయ్ బ్రాన్‌స్టైన్‌ను 1938 ఫిబ్రవరిలో స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. అప్పటికి అతని వయసు 31. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, యుద్ధంతో పాటు బాంబు వచ్చింది. ఇరవై ఏళ్లపాటు ఈ ప్రశ్న జోలికి వెళ్లినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దాన్ని తిరిగి తట్టి లేపింది ఏ పేరున్న విశ్వవిద్యాలయమో, ఏ నోబెల్ గ్రహీతో అయివుంటే ఈ భాగం మర్యాదగా మొదలయ్యేది. కానీ ముందుగా డబ్బు సంచీ విప్పినవాడు మార్కెట్ జోస్యాలతో కోటీశ్వరుడైన ఒక వ్యాపారి. అతనికి గురుత్వాకర్షణ మీద పగ.

మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే పగ. రోజర్ బాబ్సన్ మసాచుసెట్స్‌లోని గ్లాస్టర్ రేవు ఊరివాడు. అతని చిన్నతనంలో సోదరి ఒకతె నదిలో మునిగి చనిపోయింది. ఈత రాకపోవడం, నీటి లోతు, విధి – ఇవేవీ అతనికి కారణాలుగా కనిపించలేదు. ఆమెను అడుగుకు లాగింది గురుత్వాకర్షణే కదా అన్నాడు. 1947లో మనవడు కూడా మరొకరిని కాపాడబోయి నీళ్లలోనే పోయాడు. ఆ దెబ్బతో బాబ్సన్ గురుత్వాకర్షణను మానవజాతికి ఒకటో నంబరు శత్రువుగా ప్రకటిస్తూ ఒక వ్యాసమే రాశాడు. 1929 సెప్టెంబరులో మార్కెట్ కూలబోతోందని హెచ్చరించి, మరుసటి నెలలోనే అది కూలితే పేరు గడించిన మనిషి. 1940లో మద్యనిషేధ పార్టీ తరఫున అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన మనిషి. అనుకున్నదాన్ని అంత తేలిగ్గా వదలడు. న్యూహాంప్‌షైర్‌లోని న్యూబోస్టన్ అనే చిన్న ఊళ్లో గ్రావిటీ రిసెర్చ్ ఫౌండేషన్ అని ఒక సంస్థ పెట్టాడు. ఆ ఊరే ఎందుకంటే, బోస్టన్ మీద అణుబాంబు పడినా అక్కడికి సెగ తగలదని అతని లెక్క.

1949 నుంచి ఆ సంస్థ ఏటా వ్యాసాల పోటీ నడిపింది. మొదటి బహుమతి వెయ్యి డాలర్లు. గురుత్వాకర్షణను అడ్డుకునే తెర, దాన్ని వెనక్కి తిప్పికొట్టే అద్దం, దాన్ని పీల్చేసుకునే పదార్థం – వీటిలో ఏదో ఒకటి కనిపెట్టే దారి చూపాలి. వేడికి ఆస్బెస్టాస్ ఉన్నట్టు, కరెంటుకు రబ్బరు ఉన్నట్టు, గురుత్వాకర్షణకూ ఏదో ఒకటి ఉండకపోదని బాబ్సన్ నమ్మకం. చదువుకున్న భౌతికశాస్త్రజ్ఞులు నవ్వుకున్నారు. నవ్వవలసినదే. అయితే అప్పట్లో ఆ శాస్త్రజ్ఞులు గురుత్వాకర్షణకు ఇచ్చిన గౌరవం బాబ్సన్ ఇచ్చినదానికన్నా ఏమీ ఎక్కువ కాదన్నది కూడా చెప్పుకోవాలి.

1915లో ఐన్‌స్టైన్ ఇచ్చిన సాధారణ సాపేక్షతా సిద్ధాంతాన్ని 1950ల నాటికి అందరూ పొగిడేవారు, ఎవరూ వాడేవారు కాదు. దానికి ప్రయోగాల ఆధారం రెండు మూడు ఖగోళ పరిశీలనలతో సరి. చాలా విశ్వవిద్యాలయాల్లో భౌతికశాస్త్ర విభాగం దాన్ని పాఠంగా కూడా చెప్పేది కాదు, గణితం వాళ్లకు వదిలేసింది. ఫిజికల్ రివ్యూ సంపాదకుడు సామ్యూల్ గౌడ్‌స్మిత్ ఇకమీదట గురుత్వాకర్షణ మీద సిద్ధాంత వ్యాసాలు వేసుకోబోమని సంపాదకీయం రాయబోయాడనీ, జాన్ వీలర్ అడ్డుపడి ఆపాడనీ బ్రైస్ డెవిట్ తర్వాతి కాలంలో చెప్పేవాడు.

వాళ్లను తప్పుపట్టడం కూడా కష్టమే. పరమాణువులో ప్రోటాన్‌కూ ఎలక్ట్రాన్‌కూ మధ్య విద్యుదాకర్షణ ఉంది, గురుత్వాకర్షణా ఉంది. మొదటిది రెండోదానికన్నా ఎన్ని రెట్లు ఎక్కువంటే, 1 రాసి పక్కన 39 సున్నాలు పెట్టాలి. విద్యుత్తు పూర్తిగా లేదనుకుని, కేవలం గురుత్వాకర్షణే ఆ రెంటినీ పట్టి ఉంచిందనుకుందాం. క్వాంటం సూత్రాల ప్రకారం ఆ హైడ్రోజన్ పరమాణువు ఎంత పెద్దదవుతుంది? దాని వ్యాసార్ధం పన్నెండు, పదమూడు లక్షల కోట్ల కాంతి సంవత్సరాలు వస్తుంది. మనకు కనిపించే విశ్వం ఈ చివర నుంచి ఆ చివరకు 9,300 కోట్ల కాంతి సంవత్సరాలే. ఒక్క పరమాణువు పట్టడానికి విశ్వమే చాలదన్నమాట. ఇంత బలహీనమైన శక్తికి క్వాంటం స్వభావం ఉందా లేదా అని ఏ ప్రయోగశాలలో తేలుస్తారు? తేలనిదాని మీద జీవితం ధారపోసేవాడు ఎవడు?

ఒకడు దొరికాడు. కాలిఫోర్నియాలో పుట్టిన బ్రైస్ డెవిట్ యుద్ధకాలంలో నౌకాదళ విమానచోదకుడు. యుద్ధం ముగిశాక హార్వర్డ్‌లో జూలియన్ ష్వింగర్ దగ్గర పరిశోధనకు చేరాడు. విద్యుదయస్కాంత క్షేత్రాన్ని క్వాంటం చట్రంలో బిగించే పని అప్పుడే కొలిక్కి వస్తోంది. అదే పని గురుత్వాకర్షణకూ చేస్తే సరి అనుకున్నాడు కుర్రవాడు. 1950లో పట్టా వచ్చింది కానీ, పని మాత్రం కొలిక్కి రాలేదు. ఆ తర్వాత జ్యూరిక్‌లో వోల్ఫ్‌గాంగ్ పౌలికి తన ఉద్దేశం చెప్పుకున్నాడు. ఇది చాలా ముఖ్యమైన సమస్యేననీ, కాకపోతే నిజంగా తెలివైనవాడు కావాలనీ పౌలి తలపంకించాడని డెవిట్ స్వయంగా చెప్పుకున్న ముచ్చట. పౌలి నోట ఇది ఆశీర్వాదంలోకే వస్తుంది. ఆయన తిట్లు ఇంతకన్నా చాలా ఘాటుగా ఉండేవి.

1951–52లో డెవిట్ ఫుల్‌బ్రైట్ వేతనం మీద బొంబాయి వచ్చాడు. హోమీ భాభా స్థాపించిన టాటా ఇన్‌స్టిట్యూట్ అప్పట్లో గేట్‌వే ఆఫ్ ఇండియా పక్కన పాత యాట్ క్లబ్ భవనంలో ఉండేది. మన దేశానికి ఈ కథలో ఉన్న పాత్ర ఈ భాగం వరకు ఇంతే. తిరిగి అమెరికా వెళ్తే గురుత్వాకర్షణ మీద పనిచేసేవాడికి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? లివర్‌మోర్ అణ్వాయుధ ప్రయోగశాలలో కంప్యూటర్ లెక్కలకు కుదిరాడు. ఇల్లు కొనుక్కోవాలి, చేతిలో డబ్బు లేదు. అప్పుడు గుర్తొచ్చింది బాబ్సన్ వ్యాసాల పోటీ.

1953లో ఒక్క రాత్రి కూర్చుని వ్యాసం రాసి పంపాడు. అందులో గురుత్వాకర్షణకు తెరలూ అద్దాలూ వెతకడం కాలం వృథా చేసుకోవడమేనని మొహమాటం లేకుండా తేల్చాడు. ముందు ఆ శక్తి మూలస్వభావం ఏమిటో అర్థం చేసుకోవడానికి ఖర్చు పెట్టండి అన్నాడు. పోటీ పెట్టినవాళ్ల నమ్మకాన్నే తప్పుపట్టిన వ్యాసానికి పోటీ పెట్టినవాళ్లు మొదటి బహుమతి ఇచ్చారు. బాబ్సన్ గురించి ఎన్ని వెక్కిరింపులైనా రాయవచ్చు గానీ, ఈ ఒక్క విషయంలో అతని సంస్థ చాలా పరిశోధనా సంస్థలకన్నా పెద్దమనసు చూపింది. (ఆ పోటీ ఇప్పటికీ నడుస్తోంది. 1971లో కృష్ణబిలాల మీద రాసిన వ్యాసానికి మొదటి బహుమతి అందుకున్నవాడు స్టీఫెన్ హాకింగ్.)

ఆ వ్యాసాన్ని శ్రద్ధగా చదివినవాళ్లలో ఆగ్న్యూ బాన్సన్ ఒకడు. నార్త్ కరోలినాలోని విన్‌స్టన్–సేలంలో బట్టల మిల్లులకు ఎయిర్ కండిషనింగ్ యంత్రాలు చేసి అమ్మే కంపెనీ అతనిది. అతనికీ గురుత్వాకర్షణను జయించాలన్న పిచ్చి ఉంది. తన సొంత ప్రయోగశాలలో పైకి లేచే పళ్లేలతో కుస్తీ పట్టేవాడు, ఆ తర్వాత ఒక సైన్స్ ఫిక్షన్ నవల కూడా రాశాడు. అయితే అతనిలో వ్యాపారస్తుడి వివేకమూ ఉంది. తన పిచ్చి తనకే ఉంచుకుని, చదువున్నవాళ్ల చేత చదువున్న పని చేయిద్దామనుకున్నాడు. ప్రిన్స్‌టన్‌లో ఉన్న జాన్ వీలర్ సలహా తీసుకున్నాడు. వీలర్ ఒకటే చెప్పాడు: యాంటీగ్రావిటీ మాట గుమ్మం బయటే ఆగాలి. అలా 1956లో చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో క్షేత్ర భౌతికశాస్త్ర సంస్థ ఏర్పడింది. డెవిట్ దంపతులు అక్కడికి మారారు.

దంపతులు అన్నాను కానీ, సెసీల్ మోరెట్‌ను డెవిట్ భార్యగా పరిచయం చేయడం అన్యాయం. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యాలు నార్మండీ తీరంలో దిగిన రోజున కాన్ పట్టణం మీద పడిన బాంబులకు ఆమె తల్లీ, చెల్లీ, అమ్మమ్మా బలైపోయారు. ఆమె పరీక్ష కోసం ఆ రోజు పారిస్‌లో ఉండబట్టి బతికింది. 1951లో, ఇంకా ముప్పై నిండకుండానే, ఆల్ప్స్ పర్వతాల్లోని లేజూష్ అనే పల్లెలో వేసవి భౌతికశాస్త్ర పాఠశాల స్థాపించింది. యుద్ధంలో చితికిపోయిన ఫ్రెంచి భౌతికశాస్త్రం తేరుకోవడంలో ఆ పాఠశాల పాత్ర చాలా పెద్దది. అంతటి మనిషికి చాపెల్ హిల్‌లో భర్తతో సమానమైన ఉద్యోగం దక్కలేదు. మొగుడు ప్రొఫెసరుగా ఉన్నచోట పెళ్లానికి ఆ హోదా ఇవ్వకూడదన్న నిబంధన ఆ రోజుల్లో అమెరికాలో చాలాచోట్ల ఉండేది. అయినా, 1957 జనవరిలో జరిగిన సమావేశాన్ని నడిపించింది ఆమె. మాట్లాడినవాళ్ల మాటలు, అడ్డు ప్రశ్నలు, జవాబులు అన్నీ రాయించి నివేదికగా అచ్చు వేయించిందీ ఆమే. ఆ నివేదిక లేకపోతే ఇప్పుడు చెప్పబోయే సంభాషణ గాలిలో కలిసిపోయేది.

జనవరి 18 నుంచి 23 వరకు ఆరు రోజులు. నలభై మందికి కాస్త అటూ ఇటూగా వచ్చారు. వీలర్, అతని శిష్యుడు చార్లెస్ మిస్నర్, సిరక్యూస్ నుంచి పీటర్ బెర్గ్‌మన్, ఇంగ్లండ్ నుంచి హెర్మన్ బాండీ, ఫెలిక్స్ పిరాని, పారిస్ నుంచి లిష్నెరోవిచ్, 1930లోనే గురుత్వ క్షేత్రానికి క్వాంటం సూత్రాలు తొడగబోయిన లియాన్ రోసెన్‌ఫెల్డ్ కూడా. విదేశీయులను మోసుకొచ్చినవి అమెరికా సైనిక విమానాలు. వైమానిక దళంలో ఈ విషయం చూసే అధికారి జాషువా గోల్డ్‌బర్గ్ అనే సాపేక్షతావాది. వైమానిక దళం యాంటీగ్రావిటీ విమానాల మీద ఆశతోనే డబ్బు పెట్టిందని ఒక ప్రచారం ఉంది. గోల్డ్‌బర్గ్ దాన్ని జీవితాంతం ఖండించాడు. నాకైతే గోల్డ్‌బర్గ్ మాటే నిజమనిపిస్తుంది. ఆ రోజుల్లో అమెరికా సైన్యం దగ్గర ఏ విద్యకైనా పడేయగలిగినంత సొమ్ము ఉండేది.

రిచర్డ్ ఫైన్‌మన్ ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు. విమానం దిగితే ఆ చుట్టుపక్కల నార్త్ కరోలినా పేరుతో రెండు విశ్వవిద్యాలయాలున్నాయని తెలిసింది, తనను పిలిచింది ఏదో గుర్తులేదు. టాక్సీలు పంపించే మనిషి దగ్గరకు వెళ్లి, నిన్న ఇలాగే కొందరు వచ్చి ఉంటారు, ఎక్కడికెళ్తున్నామో పట్టకుండా ఒకరితో ఒకరు జీ–మ్యూ–న్యూ, జీ–మ్యూ–న్యూ అనుకుంటూ పోయి ఉంటారు, వాళ్లెక్కడికి వెళ్లారు అని అడిగాడట. ఐన్‌స్టైన్ సమీకరణాల్లో అడుగడుగునా కనిపించే గుర్తు అది. టాక్సీ అతను వెంటనే, చాపెల్ హిల్‌కా అన్నాడట. ఫైన్‌మన్ కథలన్నిటినీ కాస్త ఉప్పు తగ్గించి తీసుకోవాలి. ఇది మాత్రం నమ్మబుద్ధేస్తుంది.

మొదటి సగం క్వాంటం ఊసు లేని సాపేక్షత. గురుత్వ తరంగాలు నిజంగా శక్తిని మోసుకెళ్తాయా, లేక అవి కాగితం మీది మాయేనా అన్న పాత తగాదా అక్కడ తెగింది. ఒక కడ్డీకి పూస తొడిగి, పూస జరిగేటప్పుడు కడ్డీతో రాపిడి ఉండేలా చేస్తే, తరంగం వెళ్లినప్పుడు కడ్డీ వేడెక్కుతుంది, వేడంటే శక్తే అన్నాడు ఫైన్‌మన్. దాంతో చాలామందికి అనుమానం తీరింది. శ్రోతల్లో ఉన్న జోసెఫ్ వెబర్ ఆ తరంగాలను పట్టే యంత్రం కట్టడానికి పూనుకున్నాడు. 2015లో లైగో పట్టుకున్న తరంగం దాకా సాగే ఆ దారి మరో భాగంలో నడుద్దాం. మనకు కావలసింది రెండో సగం.

అక్కడ మొదలైన ప్రశ్న పైకి చిన్నది: గురుత్వాకర్షణను క్వాంటం చట్రంలోకి తేవడం తప్పనిసరా? ఎలా తేవాలి అని కాదు, అసలు తేవాలా అని. ప్రపంచంలో మిగతావన్నీ క్వాంటం సూత్రాలకు లోబడితే గురుత్వాకర్షణ ఒక్కటే పాత పద్ధతిలో, ఎప్పుడూ ఒకే కచ్చితమైన విలువతో ఉండిపోతే ఏం నష్టం? రోసెన్‌ఫెల్డ్ ఈ వైపు మొగ్గాడు. పాతికేళ్ల కిందట స్వయంగా ఆ సమీకరణాలు రాసినవాడు కాబట్టే, ప్రయోగం చెప్పకుండా కేవలం అందం కోసం ఇలాంటివి తేల్చకూడదని అతని పట్టు.

ఫైన్‌మన్ లేచి ఒక ప్రయోగం ఊహించమన్నాడు. 1922లో స్టెర్న్, గెర్లాక్ చేసినట్టు, స్పిన్ ఉన్న ఒక కణాన్ని ప్రత్యేకమైన అయస్కాంతం గుండా పంపాలి. స్పిన్‌ను బట్టి అది పైకో కిందికో మళ్లుతుంది. క్వాంటం సూత్రాల ప్రకారం దాన్ని రెండు దారుల్లోనూ ఉన్న స్థితిలో పంపవచ్చు. పై దారిలో ఒక గుర్తింపు యంత్రం, కింది దారిలో ఒకటి. ఆ యంత్రాలకు తగిలించి ఒక సెంటీమీటరు వ్యాసం ఉన్న బంతి. పై యంత్రం మోగితే బంతి పైకి జరుగుతుంది, కింది యంత్రం మోగితే కిందికి. ఇప్పుడు ఆ బంతి ఉన్న స్థితి ఏమిటి? కణం రెండు దారుల్లోనూ ఉంటే బంతి కూడా రెండుచోట్లా ఉన్నట్టే లెక్క.

ఇంతవరకూ ష్రోడింగర్ పిల్లి కథే. ఫైన్‌మన్ ఇక్కడ గురుత్వాకర్షణను దించాడు. బంతికి బరువుంది, దాని చుట్టూ గురుత్వ క్షేత్రం ఉంది. సెంటీమీటరు బంతి క్షేత్రాన్ని కొలవడం కష్టం కాదు. క్యావెండిష్ 1798లోనే సీసపు గోళాల మధ్య ఆకర్షణను కొలిచాడు. ఆ క్షేత్రంతో పక్కనున్న మరో బంతిని కదిలించవచ్చు. అంటే, మొదటి బంతి ఎక్కడుందన్న సమాచారాన్ని రెండో బంతికి చేరవేసేది గురుత్వ క్షేత్రం. బంతి రెండుచోట్లా ఉంటే, మరి క్షేత్రం? అది రెండు రకాలుగానూ ఉండాలి. ఉందంటే, క్షేత్రానికీ క్వాంటం స్థితి ఉన్నట్టే.

బాండీ అడ్డు తగిలాడు. ఇందులో క్వాంటం ఏముంది, ఎవరో పాచికలు వేసి, పడిన సంఖ్యను బట్టి బంతిని అటో ఇటో జరిపినదానికీ దీనికీ తేడా ఏమిటి అన్నాడు. చాలా మంచి ప్రశ్న. పాచికలు వేసినప్పుడు బంతి ఎక్కడో ఒకచోటే ఉంటుంది, మనకు తెలియదంతే. క్షేత్రం కూడా ఒకటే ఉంటుంది.

ఫైన్‌మన్ జవాబులో ఈ ఆరు రోజుల సారమంతా ఉంది. నేను బంతి ఎక్కడుందో చూడనక్కర్లేదు అన్నాడు. చూడకుండా, మరో అయస్కాంతాన్ని తలకిందులుగా పెట్టి రెండు దారులనూ మళ్లీ ఒకటిగా కలుపుతాను. పాచికల లెక్కలో అయితే, సగం సగం సంభావ్యతలు కలిసి సగం సగంగానే మిగులుతాయి. క్వాంటం లెక్కలో మాత్రం రెండు దారులూ తరంగాల్లా ఒకదాన్నొకటి బలపరుచుకోవడమో చెరుపుకోవడమో జరుగుతుంది. ఆ తేడా కొలతకు అందుతుంది. దారులు విడిపోయిన సమయంలో గురుత్వ క్షేత్రం కూడా ఆ గొలుసులో ఒక లింకుగా ఉండి, చివర్లో తరంగాల గుర్తు చెరగకుండా నిలిస్తే, ఆ లింకు పాచికల తరహాది అయివుండదు. మధ్యలో ఒక్క లింకు పాత పద్ధతిలో ప్రవర్తించినా గుర్తు అక్కడే చెరిగిపోతుంది.

ఇంత దాకా తర్కం. ఆ తర్వాత ఫైన్‌మన్ చేసింది నాకు ఇంకా నచ్చుతుంది. తన వాదనలో ఉన్న కిటికీని తానే తెరిచి చూపించాడు. క్వాంటం సూత్రాలు ఎంత పెద్ద వస్తువుకైనా వర్తిస్తాయని నమ్మితేనే ఈ వాదన నిలుస్తుంది. అవి ఎక్కడో ఒకచోట విఫలమైతే? కణం నుంచి బంతి దాకా పెంచుకుంటూ పోతున్న దారిలో, ఒక బరువు దాటాక రెండుచోట్లా ఉండటం అన్నది ప్రకృతిలోనే సాధ్యం కాకపోతే? ఆ బరువు గ్రాములో లక్షో వంతు దగ్గర ఉండవచ్చని అతను ఒక అంకె కూడా వేశాడు. ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం, న్యూటన్ స్థిరాంకం – ఈ మూడింటినీ కలిపితే వచ్చే సహజమైన బరువు అది, కచ్చితంగా చెప్పాలంటే 22 మైక్రోగ్రాములు. అలాంటి నియమం ఉంటే అది కొత్త మూలసూత్రం అవుతుందనీ, అది నిజం కాదని తాను చెప్పలేననీ ఒప్పుకున్నాడు. తర్వాతి దశాబ్దాల్లో హంగరీకి చెందిన కారోల్‌హాజీ, డియోసీ, ఇంగ్లండ్‌లో రోజర్ పెన్‌రోజ్ సరిగ్గా ఈ కిటికీ గుండానే నడిచారు. గురుత్వాకర్షణే పెద్ద వస్తువుల క్వాంటం స్థితిని కూల్చేస్తుందని వాళ్ల ప్రతిపాదన. అందులో అన్నిటికన్నా సరళమైన రూపాన్ని ఇటలీలో గ్రాన్ సాసో పర్వతం కింద చేసిన ప్రయోగం 2020లో కొట్టేసింది. మిగతా రూపాలు ఇంకా బతికే ఉన్నాయి.

ఇది ఆచరణలో పెట్టడానికి అడ్డేమిటని లూయీ విటెన్ అడిగాడు. (స్ట్రింగ్ సిద్ధాంతంలో దిగ్గజం ఎడ్వర్డ్ విటెన్ ఈయన కొడుకే. అప్పటికి ఐదేళ్లవాడు.) అడ్డు ఏమిటో గదిలో అందరికీ తెలుసు. సెంటీమీటరు బంతిని తాకే ఒక్క గాలి అణువు, దాని మీద నుంచి చెదిరే ఒక్క కాంతి కణం చాలు, అది ఎక్కడుందో లోకానికి చాటేయడానికి. రెండు దారులనూ మళ్లీ కలపడం కుదిరే పని కాదు.

ముగింపు సమావేశంలో ఫైన్‌మన్ ఈ రంగం నత్తనడకకు కారణం ప్రయోగాలు లేకపోవడమేనన్నాడు. లేనప్పుడు, ఉన్నట్టు ఊహించుకుని లెక్కలు కట్టండి, గణితంలో అతి నిష్ఠ మానండి అని సలహా ఇచ్చాడు. సలహాలో రెండో సగాన్ని అందరూ పట్టుకున్నారు, తానూ పట్టుకున్నాడు. ఆ తర్వాత పదేళ్లలో ఫైన్‌మన్, డెవిట్ కలిసి కాదు గానీ ఒకరి వెనక ఒకరుగా ఈ సమస్యను చాలా దూరం లాక్కెళ్లారు. డెవిట్ 1967లో ప్రచురించిన మూడు పెద్ద వ్యాసాలు ఇప్పటికీ ఆ రంగానికి పునాది రాళ్లు. గురుత్వాకర్షణను క్వాంటం చేయడం ఎలా అన్నదే ఇక అసలు ప్రశ్న అయింది. చేయాలా అన్నది అడగడం కొంచెం అమాయకత్వంలా, కాలం చెల్లిన రోసెన్‌ఫెల్డ్ మొండితనంలా కనిపించసాగింది. చాపెల్ హిల్‌లో అన్నిటికన్నా విలువైన గంట ఆ మొండి ప్రశ్న మీద గడిచినదే. అరవై ఏళ్లపాటు దాన్ని పక్కన పెట్టడం ఈ రంగం చేసుకున్న నష్టమని నా అభిప్రాయం.

మధ్యలో రెండు ప్రయోగాలు దాని దరిదాపులకు వచ్చాయి. 1975లో కొలెల్లా, ఓవర్‌హౌజర్, వెర్నర్ న్యూట్రాన్లను ఒక సిలికాన్ స్ఫటికంలో రెండు దారులుగా చీల్చి, ఒక దారిని మరోదానికన్నా ఎత్తులో ఉంచి కలిపారు. ఎత్తు తేడా మారితే చివర్లో చేరే న్యూట్రాన్ల లెక్క మారింది. భూమి ఆకర్షణ ఒక క్వాంటం తరంగాన్ని ప్రభావితం చేస్తుందని మొదటిసారి కళ్లకు కట్టిన ప్రయోగం అది. చాలా అందమైనదే గానీ, మన ప్రశ్నకు జవాబు కాదు. న్యూట్రాన్ గురుత్వాకర్షణ మాట వింటుందని తేలింది. రెండుచోట్లా ఉన్న న్యూట్రాన్ తాను ఎలాంటి గురుత్వ క్షేత్రాన్ని పుట్టిస్తుందన్నది తేలలేదు.

1981లో డాన్ పేజ్, గైల్కర్ ఫైన్‌మన్ ఊహకు మరింత దగ్గరగా వెళ్లారు. రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే సంకేతాల లెక్కను బట్టి సీసపు గోళాలను అటో ఇటో పెట్టి, క్యావెండిష్ తరహా త్రాసు ఎటు తిరుగుతుందో చూశారు. క్షేత్రం ఎప్పుడూ పాత పద్ధతిలోదే, రెండు స్థితుల సగటును బట్టే ఉంటుందన్న వాదం నిజమైతే త్రాసు కదలకుండా మధ్యలో నిలవాలి. అది గోళం నిజంగా ఉన్నవైపే తిరిగింది. అలా తిరుగుతుందని అందరికీ ముందే తెలుసు. వాళ్లు పాచికలు వేశారు గానీ, దారులు తిరిగి కలపలేదు. బాండీ ఆక్షేపణ అక్కడే ఉంది.

దారులు కలపకుండానే గుర్తు పట్టే ఉపాయం 2017 డిసెంబరులో వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో సౌగత బోస్, అతని సహచరులు ఒక వ్యాసం, ఆక్స్‌ఫర్డ్‌లో కియారా మార్లెటో, వ్లాట్కో వెద్రల్ మరో వ్యాసం, రెండూ ఒకే పత్రికలో ఒకేసారి వేశారు. బంతి ఒకటి కాదు, రెండు. రెండింటినీ విడివిడిగా రెండుచోట్లా ఉండే స్థితిలో పెట్టి, గురుత్వాకర్షణ తప్ప మరే శక్తీ వాటి మధ్య పనిచేయకుండా పక్కపక్కన కొద్ది సెకన్లు ఉంచాలి. ఆ తర్వాత వాటి స్థితులు విడదీసి చెప్పలేనంతగా ముడిపడితే, అంటే ఎంటాంగిల్‌మెంట్ ఏర్పడితే, ఆ ముడి వేసింది గురుత్వాకర్షణే. పాచికల తరహా మధ్యవర్తి ఎంత నేర్పరి అయినా అలాంటి ముడి వేయలేదని క్వాంటం సమాచార శాస్త్రంలో సిద్ధాంతం ఉంది. బోస్ బృందం బంతులకు బదులు సూక్ష్మమైన వజ్రాలను ఎంచుకుంది. వాటిలో ఇమిడిన ఒక స్పిన్‌ను పట్టుకుని అయస్కాంతంతో దారులు చీలుస్తారు. స్టెర్న్–గెర్లాక్ పద్ధతే.

ఒక్కో వజ్రం బరువు, గ్రామును పదివేల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. దాన్ని మిల్లీమీటరులో పావు వంతు దూరంలో ఉన్న రెండు చోట్లలోనూ ఉంచాలి, రెండున్నర సెకన్ల పాటు. రెండు వజ్రాలు మరీ దగ్గరకు వస్తే కాసిమిర్ బలం అనే విద్యుదయస్కాంత ప్రభావం గురుత్వాకర్షణను మింగేస్తుంది, అందుకని మధ్యలో మిల్లీమీటరులో అయిదో వంతైనా ఎడం ఉండాలి. గాలి ఉండకూడదు, వేడి ఉండకూడదు, భూమి కంపించకూడదు. ఫలితం వచ్చినా అది గురుత్వాకర్షణ క్వాంటం స్వభావానికి నిర్ద్వంద్వమైన రుజువని ఒప్పుకోనివాళ్లు ఇప్పటికే వరుసకట్టి ఉన్నారు. వాళ్ల ఆక్షేపణల్లో పస ఉన్నవీ ఉన్నాయి.

ఫలితం ఎప్పుడు రావచ్చు? రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 2019లో వియన్నాలో తరంగంలా రెండు దారుల్లో నడిపించిన అణువు బరువు హైడ్రోజన్ పరమాణువుకు 25,000 రెట్లు. బోస్ అడుగుతున్న వజ్రం దానికన్నా దాదాపు 24 కోట్ల రెట్లు బరువైనది. రెండో కొస నుంచి చూస్తే, 2021లో అదే వియన్నాలో మార్కస్ ఆస్పెల్‌మెయర్ బృందం గురుత్వాకర్షణను కొలిచిన బంగారపు గోళం బరువు 90 మిల్లీగ్రాములు. దాని వ్యాసం రెండు మిల్లీమీటర్లు. వజ్రం దానికన్నా 900 కోట్ల రెట్లు తేలిక. అటు పరమాణువుల వైపు నుంచి బరువు పెంచుకుంటూ ఒక బృందం, ఇటు గోళాల వైపు నుంచి తగ్గించుకుంటూ మరో బృందం వస్తున్నాయి. మధ్యలో ఎక్కడో ఫైన్‌మన్ వేసిన 22 మైక్రోగ్రాముల గీత ఉంది.

బాన్సన్ 1964లో విమాన ప్రమాదంలో పోయాడు. బాబ్సన్ 1967 దాకా బతికి, అమెరికా కళాశాలల్లో గురుత్వాకర్షణను అడ్డుకునే పదార్థం దొరికితే కలగబోయే మేలును విద్యార్థులకు గుర్తు చేస్తూ రాతిపలకలు నాటించాడు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో విశ్వోత్పత్తి శాస్త్రంలో డాక్టరేట్ పొందినవాళ్లను ఇప్పటికీ ఆ పలక ముందు మోకరిల్లజేసి, తల మీద గురువుగారు ఒక ఆపిల్ పండు పడేస్తారు. డెవిట్ దంపతులు 1972లో టెక్సస్ వెళ్లిపోయారు. కానీ అంతకుముందే, 1965లో, విమానం మారడానికి రెండు గంటల వ్యవధి దొరికిన వీలర్ ఫోన్ చేసి డెవిట్‌ను విమానాశ్రయానికి రమ్మన్నాడు. అక్కడ వాళ్లిద్దరి మధ్య ఒక సమీకరణం పుట్టింది. కాలం అన్న అక్షరమే కనిపించని ఆ సమీకరణం సంగతి వచ్చే భాగంలో.